దొరకని డబ్బాకి ఏడాదికో రాయి

ఒకటో రోజు. నైరుతి గాలి. పోటు రెండో గీత.

ఇవాళ పొద్దున పోలమ్మ నాకు టీ తక్కువ పోసిందని గొడవ పెట్టుకున్నాను. తీరా చూస్తే గ్లాసుకి ఒక అంచున నిండుగా ఉంది, రెండో అంచున వేలెడు వెలితిగా ఉంది. గ్లాసు తిప్పాను. వెలితి గ్లాసుతో పాటు తిరగలేదు, ఉన్నచోటే ఉంది. అంటే తప్పు పోలమ్మది కాదు, గ్లాసుది కాదు, తెప్పది. తెప్ప ఓ పక్కకి ఒరిగింది.

క్షమాపణ చెప్పాను. ఆవిడ ఇంకో పావు గ్లాసు పోసింది. ఒరిగిన తెప్ప మీద కూడా లాభం ఉంటుంది.

ఈ చిట్టా ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కనక నా గురించి రెండు ముక్కలు. పేరు మైలపల్లి గురుమూర్తి. వయసు డెబ్బై మూడు. అలపేటలో తెప్పకీ తెప్పకీ మధ్య ఉండే గొలుసుల్ని నలభై ఏళ్ళు బిగించి, వదులు చేసి, తుప్పు గీకి రిటైరయ్యాను. చదువు అయిదో తరగతి. ఆ తర్వాత చదివిందంతా చేపలు చుట్టి తెచ్చిన కాగితాల మీదే. అందుకే నాకు చాలా సంగతులు సగం సగం తెలుసు. ఏదో దేశంలో చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కడతాయని తెలుసు. ఎందుకు కడతాయో చెప్పే ముక్క ఇంకో చేపతో ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది.

ప్రస్తుతం డబ్బాల సంఘానికి కార్యదర్శిని. సంఘానికి వేరే పుస్తకం ఉంది, ఇది నా సొంతం.

సంఘం పని చిన్నదే. ఒకరు ఒక డబ్బా దాస్తారు. అందులో ఒక నోటుపుస్తకం, ఒక రాయి. దాచిన చోటు అంకెలు సంఘం పలక మీద రాస్తారు. మిగతావాళ్ళు వెతుకుతారు. దొరకబుచ్చుకున్నవాడు పుస్తకంలో సంతకం పెట్టి, రాయి తీసుకుని, ఇంటికెళ్ళి భోంచేస్తాడు. ఇంతే. ఈ మాత్రం దానికి మనిషి అన్నం నీళ్ళు మానేసి తిరుగుతాడా అంటే, తిరుగుతాడు. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ నాకోసం అన్నం గిన్నె మీద రెండు మూతలు పెట్టేది.

మెట్ట మీద ఈ ఆట సులువు, అక్కడ నేల కదలదు. అలపేట, తీరం మునిగాక నీళ్ళ మీద కట్టుకున్న నూటపది తెప్పల ఊరు. భీమిలికి పదిహేను మైళ్ళ అవతల, ఒకే లంగరు చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. పొద్దున మా గుమ్మం ఉన్నచోట సాయంత్రానికి ఇంకొకరి దొడ్డి ఉంటుంది. కనక ఉపగ్రహం చెప్పే అంకెలు ఒక్కటే చాలవు, దాచిననాడు గాలి ఎటు, పోటు ఎంత అన్నది కూడా రాయాలి. వెతికేవాడు ఆ గాలి మళ్ళీ వచ్చేదాకా కాచుకోవాలి. ఒక్కోసారి మూడు నెలలు. తీరా వచ్చాక కూడా ఆ అంకెలు పదిహేను బారల దూరంలోకి తీసుకెళ్ళి వదిలేస్తాయి. అక్కణ్ణించి ఎవడి ముక్కు వాడిదే.

ఒకప్పుడు తొమ్మిది మందిమి. ఇప్పుడు ముగ్గురం. నేను, పొగమంచు సైరను ఊది రిటైరైన ఖాదర్ బాషా, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన సువార్తమ్మ టీచరు. రోజూ పోలమ్మ దుకాణంలో టేకు బెంచీ మీద కూర్చుని, నా డబ్బా దొరకలేదంటే నా డబ్బా దొరకలేదని గొప్పలు చెప్పుకుంటాం. పోలమ్మ పొయ్యి పక్కన, గోనెపట్టా కప్పిన తన పీట మీద కూర్చుని వింటూ ఉంటుంది. ఆవిడ వెనక ధరల పలక: టీ, ఉల్లి బజ్జీ, చేప బజ్జీ, అడుగున 88-7-3 అని దుకాణం నంబరు. ఆవిడది ఎనభై ఎనిమిదో తెప్ప. బజ్జీతో ఇచ్చే పచ్చడి గురించి ఒక పేజీ రాయాలి, ఇంకోరోజు రాస్తాను. ఏ మిక్సీలో రుబ్బుతావు అని అడిగితే చెప్పదు.

పదకొండు గంటలకి కొత్త తూకం ఆఫీసరు వచ్చింది. పేరు సులోచన. ముప్పై దాటి ఉండదు. తెప్ప మీదే పుట్టిన పిల్ల, మెట్ట మీద నడిస్తే కడుపులో తిప్పుతుందట. ఈ నెలే ప్రతి తెప్ప అంచునా కొత్త తూకం ముల్లు పెట్టించింది.

“పోలమ్మగారూ, మీ తెప్ప ఉండాల్సినదానికంటే రెండువందల మూడు కిలోలు ఎక్కువుంది.”

“నానేటి తినీసినానమ్మా అంత?”

“తొమ్మిదో రోజున జోడింపు. ఈలోపల బరువు దిగకపోతే తెప్పని బయటి వరసకి మార్చాలి. నా చేతుల్లో లేదు.”

జోడింపు అంటే గొలుసులు విప్పి తెప్పల వరసలు మళ్ళీ కలిపే రోజు, బయటి వరస అంటే అల నేరుగా వచ్చి కొట్టే చోటు. అక్కడ పొయ్యి మీద గిన్నె నిలవదు. వలలు ఆరేసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. పోలమ్మకి అరవై ఎనిమిది. ఈ దుకాణం తప్ప ఇంకో ఆధారం లేదు. ఆవిడ మాత్రం జల్లిగరిటె ఒక్కసారి విదిల్చి, కూరలో ఉప్పు కాస్త ఎక్కువైందని విన్నంత తాపీగా, “సర్లే,” అంది.

రెండో రోజు. నైరుతి గాలే. పోటు మూడో గీత.

తెప్ప మీద ఉన్న ప్రతి వస్తువునీ తూచాం. సువార్తమ్మ టీచరు రాసింది, ఖాదర్ మోశాడు, నేను సలహాలిచ్చాను. పంచదార డబ్బా, నూనె పీపాలు, మూకుళ్ళు, మేం కూర్చునే బెంచీ (నలభై ఒక్క కిలో). అన్నీ ఆఫీసు లెక్కలో ఉన్నవే. పోలమ్మ మాత్రం పీట మీంచి లేవలేదు. మోకాళ్ళట.

“పోలమ్మప్పా, నీ బరువెంతో చెప్తే అది కూడా కలుపుతా,” అన్నాడు ఖాదర్.

“నీ నాలికంత బరువుండన్లే నాను. రాసుకో.”

లెక్క తేలలేదు. ఖాదర్ సముద్రం కేసి చూశాడు. టీచరు సముద్రం కేసి చూసింది. నేనూ చూశాను. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడానికి సముద్రం చాలా అనువైన వస్తువు.

నేనెందుకు చూశానో ఇక్కడ రాసుకుంటాను. ప్రతి తెప్ప కిందా గాలి గదులుంటాయి, నాలుగు మూలలా నాలుగు మూతలు. పోలమ్మ తెప్ప ఒక మూల మూత కింద పంతొమ్మిదేళ్ళుగా నా డబ్బా ఉంది. సంఘమంతా రోజూ కూర్చుని కబుర్లాడే చోట ఎవడు దాస్తాడు? ఎవడు వెతుకుతాడు? నా జన్మ మొత్తంలో నాకు తట్టిన ఒకే ఒక గొప్ప ఆలోచన అది.

ఒక్క డబ్బాకి అంత బరువేమిటంటే, సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏడాది తిరిగినా దొరకని డబ్బాలో దాచినవాడు ఇంకో రాయి వెయ్యాలి. దొరికిన రోజున అన్నీ కలిపి దొరకబుచ్చుకున్నవాడివి. రాయి కూడా ఒక బహుమానమేనా అని మెట్టవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ, వాళ్ళకి కాలు తన్నుకోవడానికి కూడా రాళ్ళున్నాయి. అలపేటలో అంతా వెదురు, రేకు, ప్లాస్టిక్కు. బొటనవేలు చితగ్గొట్టే గట్టి వస్తువు ఊరు మొత్తంలో లేదు. రాయి తేవాలంటే పర్మిట్టు, అదీ మనిషికి నిమ్మకాయంత. మేం బియ్యం బస్తాల్లో, ఎండుచేపల గంపల్లో దొంగచాటుగా తెప్పించాం. నా డబ్బాలో కడప బండ ముక్క ఉంది. కొండ ఎర్రరాయి ఉంది, చెమ్మ తగిలితే ఇప్పటికీ వాన వాసన వేస్తుంది. మైలురాయి ముక్క ఒకటుంది, దాని మీద ‘7 కి.మీ.’ అని మిగిలింది. ఎక్కడికి ఏడో తెలియదు. ఆ ఊరు మునిగినా దూరం మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

పంతొమ్మిదేళ్ళకి యాభై ఎనిమిది కిలోలు.

చెప్పేస్తే పోలా? పోదు. సంఘం మొదటి నియమం: దాచినవాడు చోటు చెప్పకూడదు, చెప్తే పేరు కొట్టేస్తారు. మాలోంచి పోయిన ఆరుగురిలో చనిపోయింది ఇద్దరే, మిగతా నలుగురూ పెళ్ళాలకి చెప్పి దొరికిపోయారు. అదీగాక నావి తీసేసినా ఇంకా నూట నలభై అయిదు మిగులుతుంది. అదెవరి పాపమో నాకు తెలియదు.

చెప్పకుండా, కొంచెం కొంచెంగా తీసేద్దామని నిర్ణయించుకున్నాను.

నాలుగో రోజు. గాలి పడిపోయింది. పోటు ఒకటో గీత.

మధ్యాహ్నం రెండింటికి పోలమ్మ పీట మీదే కునుకు తీస్తుంది. టిఫిన్ కారియరుతో వెళ్ళి, మూత ఎత్తి, మూడు రాళ్ళు గిన్నెకొకటి చొప్పున పెట్టుకుని వంతెన పలక ఎక్కాను. ఎదురుగా ఖాదర్, చేతిలో హార్మోనియం పెట్టె.

“ఏంది మేస్త్రీ, కారియరు అంత వొంగి మోస్తన్నావు?”

“పప్పుచారు.”

“చారు అంత బరువా?”

“పప్పు ఎక్కువైంది. నీకు హార్మోనియం ఎందుకు?”

“వాయించడానికి.”

“నీకు వాయించడం ఎప్పుడొచ్చు?”

“రాదు కాబట్టే గదా, ఎవరూ లేని టయాన తెచ్చింది.”

మాట సబబుగానే ఉందనిపించింది. అబద్ధం మోసుకెళ్ళేవాడికి ఎదుటివాడి అబద్ధం పట్టుకునే తీరిక ఉండదు. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి సువార్తమ్మ టీచరు, భుజాన చర్చి సంచి, నుదుటి మీద చెమట.

“ఉత్త సంచేనండీ మేస్త్రిగారూ. పాటల పుస్తకాలు తెచ్చుకోవాలి,” అంది, నేనేమీ అడక్కుండానే.

ముప్పై అయిదేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. అయినా అబద్ధమాడే విద్య మాత్రం అబ్బలేదు.

వెనక్కి తిరిగి చూశాను. పోలమ్మ కళ్ళు మూసుకునే ఉంది. మూతి మాత్రం బిగబట్టుకుంది. నిద్రలో పళ్ళ నొప్పేమో అనుకున్నాను.

అయిదో రోజు. తూర్పు గాలి. పోటు రెండో గీత.

తెల్లారి సులోచన మా ఇంటికే వచ్చింది. మంచం మీద కూర్చోమన్నాను. మంచం కింద నా మూడు రాళ్ళూ ఉన్నాయి, అందుకే దుప్పటి కాస్త కిందకి జార్చాను.

“మేస్త్రిగారూ, నిన్నటికీ ఇవాళ్టికీ ఎనభై ఎనిమిదిలో ఇరవై కిలోలు తగ్గింది.”

“సంతోషం తల్లీ.”

“ముప్పై ఒకటిలో ఆరు పెరిగింది. ముప్పై ఒకటి మీదే కదా?”

నేను దుప్పటి ఇంకాస్త జార్చాను.

“యాభై నాలుగులో తొమ్మిది పెరిగింది, అది ఖాదర్‌గారిది. డెబ్బైలో అయిదు, అది టీచరుగారిది. ఆరూ తొమ్మిదీ అయిదూ ఇరవై.”

అప్పుడు వెలిగింది నాకు. హార్మోనియం! పాటల పుస్తకాలు! ఒళ్ళు మండింది. నా గొప్ప ఆలోచన ఇంకో ఇద్దరికి కూడా వచ్చినందుకు మండింది. ఆ తర్వాత సిగ్గేసింది. ముగ్గురం కలిసి ఒక ముసలమ్మ తెప్పని పంతొమ్మిదేళ్ళుగా రాళ్ళతో కిందికి లాగుతున్నాం, ఆవిడ పోసిన టీ తాగుతూ.

“పలకలు పీకించి చూసే అధికారం నాకుంది. ఎనభై ఎనిమిదిలో ఏముందో మీరు చెప్తే ఆ రభస ఉండదు,” అంది సులోచన.

“చెప్పకూడదు తల్లీ. నియమం.” సంఘం సంగతి, డబ్బాల సంగతి, చోటు మాత్రం తప్పించి, అంతా చెప్పాను. నాకు తిట్టు తప్పదనుకున్నాను. ఆ పిల్ల కాసేపు గోళ్ళు చూసుకుని,

“చోటు చెప్పొద్దు. అంకెలివ్వండి. నేనే వెతుక్కుంటాను,” అంది.

అంకెలివ్వండి! ఆ మాట మా సంఘంలో కొత్తగా ఒక మనిషి నోట విని పదకొండేళ్ళయింది. కళ్ళద్దాలు తుడుచుకోవాల్సొచ్చింది, ఈశాన్యం నుంచి ఉప్పు గాలి కొట్టింది. (ఇవాళ తూర్పు గాలి అని పైన రాశాను. ఉండనీ.)

సంఘం పలక చూపించాను. ఆగి ఆగి అడిగింది. పోటు గీత ఎవరు కొలుస్తారు? గాలి మధ్యలో మారితే? ఒకేసారి ఇద్దరికి దొరికితే సంతకం ఎవరిది? చివరి ప్రశ్న మీద గతంలో రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. అది చెప్తుంటే ఆఫీసుకి వెళ్ళాల్సిన పిల్ల రెండో టీ అడిగింది.

ఆరో రోజు. తూర్పు గాలి. పోటు మూడో గీత.

తొమ్మిదింటికి సులోచన పోలమ్మ దుకాణానికి చుట్ట చుట్టిన పటంతో వచ్చింది. అలపేట ఏ గాలికి ఎక్కడుంటుందో తూకం ఆఫీసుకి రోజూ తెలుస్తుంది కనక, ఆ పిల్ల మాలాగా గాలికోసం కాచుకోలేదు. పటం మీద మూడు సున్నాలు గీసింది. నాది ఈశాన్య గాలికి, ఖాదర్‌ది పడమటి గాలికి, టీచరుది దక్షిణపు గాలికి. మూడూ ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. నడిమధ్యన ఎనభై ఎనిమిది.

“ఇది వెయ్యడానికి నాకు అరగంట పట్టింది. పంతొమ్మిదేళ్ళలో మీకెవరికీ కనిపించలేదా?”



“కనిపించింది. కానీ అక్కడ కెలికితే నాది బయటపడుద్దని…” అన్నాడు ఖాదర్.

“నేనూ అంతేనండీ,” అంది టీచరు. “ఈ చుట్టుపక్కల తెప్పలన్నీ అణువణువూ వెతికాను. దీన్ని మాత్రం ముట్టుకోలేదు.”

నేను బెంచీ మీద గోరుతో గీస్తూ కూర్చున్నాను. మా ముగ్గురికీ డబ్బా దాచడం బాగా చాతనయింది. ఎంత బాగా అంటే, ఎదుటివాడి డబ్బా కూడా మేమే దాచిపెట్టాం.

సులోచన మూడు మూలలా మూడు మూతలు ఎత్తింది. ముందు నూతిలోకి తొంగి చూసినట్టు వంగింది, తర్వాత మోచేతులదాకా చేతులు పెట్టింది, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. ముగ్గురి రాళ్ళూ, ఇళ్ళకి మోసుకుపోయినవాటితో కలిపి, నూట అరవై అయిదు కిలోలు. ఖాదర్‌వి అరవై నాలుగు, టీచరువి నలభై మూడు.

“పోలమ్మా, నీ తెప్ప కింద ఇంత జరుగుతుంటే నీకెప్పుడూ అనుమానం రాలేదా?” అన్నాను, నేరం కాస్త అటు తోద్దామని.

పోలమ్మ బజ్జీ తిరగేసింది.

“అనుమానమేటి మేస్త్రీ, అన్నీ సూసినాను. నువ్వు మొదటేడే వొచ్చి, పోలమ్మా ఎవురికీ సెప్పనని ఒట్టెయ్యి అన్నావు. ఏసినాను. మర్నాడు ఖాదరొచ్చి ఒట్టెయ్యమన్నాడు. ఏసినాను. టీచరమ్మ వొచ్చి బైబిలు మీద ఎయ్యమంది. ఆవిడికీ ఏసినాను.”

రెండో రోజు నా చిట్టాలో ఈ ఒట్టు సంగతి రాయలేదు. నిజం చెప్పాలంటే మర్చిపోయాను. ఒట్టు వేయించుకున్నవాడు మర్చిపోతాడు, వేసినవాళ్ళే మోస్తారు.

“మరి ఆఫీసరు నోటీసిచ్చినప్పుడైనా…” అన్నాను.

“ఒట్టేసినాక ఇంకేటి సెప్తాను? మూడు ఒట్లు కడుపులో ఎట్టుకుని ఏ వొరసలో ఉంటే ఏటి?”

టీచరు గ్లాసు కింద పెట్టేసింది. ఖాదర్ కూడా పెట్టేశాడు.

సులోచన మూడు నోటుపుస్తకాల్లోనూ సంతకం పెట్టింది, తేదీ వేసి, గాలి పేరు రాసి, పద్ధతిగా. అప్పుడు ఆచారం ప్రకారం సంఘం కార్యదర్శిగా ప్రకటించాను: ఈ నూట అరవై అయిదు కిలోల రాళ్ళూ ఇకనుంచి ఆవిడవే.

ఆవిడ రంగు మారింది. “నేను తూకం ఆఫీసర్నండీ! మనిషికి నిమ్మకాయంతకి మించి ఉంటే జప్తు చేసేది నేనే!”

“అయితే నీ దగ్గర్నించి నువ్వే జప్తు చేసుకో బిడ్డా. సాక్షి సంతకం నే పెడతా,” అన్నాడు ఖాదర్.

సాయంత్రానికి దారి తనే కనిపెట్టింది. మనిషికి నిమ్మకాయంత చొప్పున, ఎప్పుడూ పర్మిట్టు వాడుకోని తెప్పలు నూట ఆరు ఉన్నాయట. తెప్పకి కిలోన్నర పైచిలుకు చొప్పున పంచేసింది. తనకోసం మైలురాయి ముక్కలోంచి రాలిన పెచ్చు ఒకటి ఉంచుకుంది. నిమ్మకాయంతే. దాన్ని బుగ్గకి ఆనించుకుని, “చల్లగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదే,” అంది.

ఎనిమిదో రోజు. తూర్పు గాలి తగ్గుముఖం. పోటు రెండో గీత.

రేపు జోడింపు. ముల్లు ఇంకా ముప్పై ఎనిమిది కిలోలు ఎక్కువ చూపిస్తోంది.

నాలుగో మూల మూత కూడా ఎత్తాం. ఖాళీ. నూనె పీపాలు మళ్ళీ తూచాం. టీచరు కూడిక అయిదుసార్లు చేసింది. “ముల్లు తప్పేమో,” అన్నాను. సులోచన నా కేసి చూసిన చూపు రాయడానికి ఈ కాగితం చాలదు.

అప్పుడు ఆ పిల్ల ఒక పని చేసింది. వెతకడం మానేసి, బజ్జీ తింటూ బెంచీ మీద కూర్చుంది. పచ్చడి నాకింది. మళ్ళీ నాకింది.

“ఇది మిక్సీలో రుబ్బింది కాదు,” అంది. తర్వాత ధరల పలక చూస్తూ, “మీ దుకాణం నంబరు 88-7-3 కాదు. ఆఫీసులో ఉట్టి 88. మిగతా రెండూ ఏమిటి?”

పోలమ్మ జల్లిగరిటె మూకుట్లో తిప్పింది. మూతి మాత్రం, నాలుగో రోజు చూశానే, అలా బిగబట్టింది.

సులోచన లేచి తెప్ప వంతెన పలక దగ్గరికెళ్ళి అక్కణ్ణించి అడుగులు వేసింది. ఏడు. ఎడమకి తిరిగి మూడు. మూడో అడుగు పోలమ్మ పీట ముందు ఆగింది.

“లేస్తారా?” అంది చాలా మర్యాదగా.

“పంతొమ్మిదేళ్ళు,” అంది పోలమ్మ లేస్తూ, మోకాళ్ళ నొప్పేమీ లేకుండా. “ఒక్కలూ సూడ్నేదు.”

గోనెపట్టా తీస్తే రోలు. నల్లరాతి రోలు, గుంట మీద చెక్కమూత. మూత కింద పొత్రం, పొత్రం పక్కన నూనెగుడ్డలో చుట్టిన నోటుపుస్తకం. తెల్లారగట్ల మేం రాకముందు రుబ్బి, కడిగి, ఆరబెట్టి, పుస్తకం మళ్ళీ లోపల పెట్టి మూసేదట, రోజూ. మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో: ‘మొదటి డబ్బా. పెట్టినది పోలమ్మ. గాలితో పని లేదు.’

తేదీ చూశాను. సంఘం పెట్టిన వారమే అది.

“నువ్వు… మా ఆటలో ఉన్నావా?”

“మీరే నన్ను పిలవనేదు మేస్త్రీ. నా బెంచీ మీదే కూకుని సంఘం ఎట్టినారు, నా టీయే తాగినారు. నువ్వూ వొస్తావా పోలమ్మా అని ఒక్కలూ అననేదు. సరే, నానే సేరిపోనాను.”

ఇలాంటప్పుడు సముద్రం కేసి చూడాలని ఉంటుంది. నేను చూడలేదు. ఆవిడ మొహం కేసే చూసి, తప్పయిందన్నాను.

రోలు ముప్పై ఎనిమిది కిలోలు. సులోచన గొంతు తగ్గించి చెప్పింది: “ఇది పర్మిట్టు కిందకి రాదు పోలమ్మగారూ. మీ తెప్ప బరువులోనే సర్దుకోవాలి. లేకపోతే రేపు…”

“ఊరు మునిగిన్నాడు పడవోడు రోలు దించీమన్నాడు. రోలు దిగితే నానూ దిగుతానన్నాను. ఇప్పుడూ అదే మాట. బయటి వొరసకే తోలీ.”

అందరం గట్టిగా ఆలోచించాం. నూనె తగ్గిస్తే బజ్జీ లేదు. మూకుడు తీసేస్తే దుకాణమే లేదు. టీచరు కాగితం మీద పాత తూకాలన్నీ మళ్ళీ మొదట్నించి చదువుతోంది. ‘టేకు బెంచీ, నలభై ఒకటి’ దగ్గర ఆగి, నా కేసి చూడకుండా తల తిప్పుకుంది.

నా మోకాళ్ళ సంగతి అందరికీ తెలుసు. నలభై ఏళ్ళు గొలుసుల మీద వంగిన మోకాళ్ళవి. నేలమీద కూర్చుంటే లేవలేను, నిలబడితే పావుగంట. ఆ బెంచీ లేకపోతే నాకు రోజూ ఈ కబుర్లు లేవు.

“ఖాదర్, ఆ చివర పట్టుకో,” అన్నాను.

“మేస్త్రీ…”

“పట్టుకోవయ్యా! ఇది కూడా నేనే మోస్తే సలహాలెవరిస్తారు?”

బెంచీ దింపాక ముల్లు మూడు కిలోలు తక్కువ చూపించింది.

తొమ్మిదో రోజు. జోడింపు. గాలి లేదు.

ఎనభై ఎనిమిది లోపలి వరసలోనే ఉంది. గొలుసులు బిగించే కుర్రాళ్ళ పనితనం గురించి నాకు అభిప్రాయాలున్నాయి, అడిగినవారికి చెప్తాను.

సంఘంలో ఇప్పుడు అయిదుగురం. ఆచారం మార్చాలని సులోచన పట్టుబట్టింది. ఇకనుంచి దొరకని డబ్బాకి ఏడాదికో రాయి కాదు, ఏడాదికో ఈక. టీచరు బలపరిచింది, ఖాదర్ సముద్రకాకి ఈకకి ఒప్పుకోనన్నాడు, పోలమ్మ అందరికీ తలో గ్లాసు పోసింది. నిలబడే తాగాం. గ్లాసులో టీ అన్ని అంచులకీ సమానంగా ఉంది. కాస్త ఒరిగి ఉంటేనే బాగుండేది, ఆ పావు గ్లాసు పోయింది.

బెంచీ ఏం చేశావని అందరూ అడిగారు. దాచానన్నాను. అలపేట చరిత్రలో ఇంత పెద్ద డబ్బా లేదన్నాను. అంకెలూ గాలీ పోటూ పలక మీద రాశాను.

పద్నాలుగో రోజు. ఆగ్నేయ గాలి. పోటు రెండో గీత.

సులోచన అయిదు రోజులుగా నూటపది తెప్పల ముళ్ళూ చూస్తోంది. ఎక్కడా నలభై ఒకటి పెరగలేదు. నిన్న నా ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, “ముక్కలు కోసి పంచేశారా?” అంది. కోయలేదన్నాను. నిజమే. ఖాళీ పీపాలు రెండు, పాత గొలుసు నాలుగు బారలు ఉంటే ఒక టేకు బెంచీ ఏ తెప్ప మీదా ఎక్కకుండా, ఏ ముల్లూ కదపకుండా నీళ్ళలో హాయిగా ఉంటుంది. గొలుసుల మేస్త్రికి ఆ మాత్రం చాతనవుతుంది. చోటు మాత్రం రాయను.

మధ్యాహ్నం పూట అక్కడికెళ్ళి కూర్చుంటాను. మోకాళ్ళదాకా నీళ్ళు. నలభై ఏళ్ళుగా ఏ మందూ చెయ్యని పని ఆ నీళ్ళు చేస్తున్నాయి. చిన్నచేపలు వచ్చి కాలివేళ్ళు చూసి వెళ్తాయి.

ఇవాళ అలా కూర్చుని ఉండగా బెంచీ రెండో చివర ఒక్కసారి కిందకి దిగింది. తిరిగి చూస్తే పోలమ్మ. చేతిలో రెండు గ్లాసులు. కాళ్ళు నీళ్ళలో వేసుకుని, ఒక గ్లాసు నాకిచ్చి, రెండోది తను ఊదుకుంటోంది.

“నీకెలా దొరికింది?”

“రోజూ మజ్జానం నా గ్లాసొకటి తక్కువొస్తంది. ఎటెల్తందో ఎనకాలొచ్చినాను. అంకెలెందుకు?”

బెంచీ కింద కట్టిన డబ్బాలోంచి నోటుపుస్తకం తీసి ఇచ్చాను. పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. గాలి పేరు దగ్గర ‘పని లేదు’ అని రాసింది. లోపల ఉన్న కొంగ ఈక తీసి సిగలో పెట్టుకుంది. టీ అయిపోయేదాకా ఇద్దరం నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాం.

లేస్తూ గ్లాసులు రెండూ తీసుకుంది. నేను ఇంకా కూర్చునే ఉన్నాను.

“ఏటలా సూస్తావు?” అంది పోలమ్మ. “ఒట్టేయించుకోవా?”